ఇరుగుపొరుగు పండుగలు: పునరుత్థానము

ఇరుగుపొరుగువారి పండుగల పరమార్థమును మన యింటి స్త్రీలు తెలిసికొనుట మంచిదను నుద్దేశముతో మేమీ శీర్షికను నడుపుచున్నాము. ఈ మాసము క్రైస్తవుల పునరుత్థాన పండుగను, అనగా ఈస్టరును గూర్చి ముచ్చటింప దలచితిమి. క్రిస్మసు ఎల్లరకును తెలిసినదే. ఇంటిముందు నక్షత్రపు దీపము, పొరుగిండ్లకు పంచెడు పిండివంటలు, పాటలు పాడుచు వీధులవెంట పోవు పిల్లలు, ఇవన్నియు మన కండ్లబడుచునే యుండును. ఈస్టరు అట్టిది కాదు. అది తెల్లవారకమునుపే మొదలై, ఎండ యెక్కకమునుపే సగము ముగిసిపోవును. పొరుగున నుండియు మనలో పెక్కుమంది దానిని చూచి యెఱుగరు.

కర్నూలు, కడప సీమలయందు ఈ పండుగ వేసవి మొగమున వచ్చును. వసంతకాలమున రేయింబవళ్లు సమానముగ నుండు దినము మొదలుకొని వచ్చు తొలి పున్నమ వెనుకటి యాదివారమున దీనిని జరుపుదురు. అందుచే నిది మార్చి 22కును ఏప్రిలు 25కును నడుమ, ఇంచుమించుగ మన ఉగాది దినములలో వచ్చుచుండును. పున్నమ గడచి వారము దాటదు గనుక ఆ వేకువను ఆకాశమున చంద్రుడింకను నిలిచియే యుండును. ఆ వెలుగున చాల యూళ్ల క్రైస్తవ కుటుంబములు తమ సమాధుల తోటకు బయలుదేరును. ముందునాడే వారు కంప కొట్టి, మట్టి సరిచేసి, సమాధులకు సున్నము వేసియుందురు. వేకువను పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి, ప్రార్థించి, పిదప గుడికి పోయెదరు.

మనలో శ్మశానమునకు పోయివచ్చినవారు స్నానముచేయక గడప దాటరు. పండుగనాడు ఆ దిక్కు తలపనైన తలపరు. అట్టియెడ క్రొత్తబట్టలు గట్టి, బిడ్డలను వెంటబెట్టుకొని, పండుగనాడే సమాధులకడకు పోవుట మనకు వింతగ దోచుట సహజము. ఈ వింత కర్థము తెలిసినచో ఆ మతమునకు ప్రాణ మెచ్చట నున్నదో తెలిసినట్లే.

క్రైస్తవుల పండుగలలో పెద్దది క్రిస్మసే యని మన మనుకొందుము. చరిత్ర వేఱుగ చెప్పుచున్నది. యేసు జన్మదినమును డిసెంబరు 25న జరుపు నాచారము నాలుగవ శతాబ్దమునకు ముందు స్పష్టముగ కానరాదు. పునరుత్థాన పండుగయో, రెండవ శతాబ్దమునాటికే దేశదేశముల సంఘములు దాని తేదిని గూర్చి వాదించుకొనునంతగ వేళ్లూనియుండెను. అంతకు మునుపే ఆదివారమున గూడుకొను నలవాటు పుట్టినది. యేసు తొలి శిష్యులందఱును యూదులు. యూదులకు పవిత్రదినము శనివారము. తరతరములుగ శనివారమును పాటించినవారు ఆదివారమును ప్రభువు దినమని పాటింప నారంభించుటకు కారణము, ఆ దినముననే తమ గురువు సమాధినుండి లేచెనని వారు నమ్ముటయే. కావున ప్రతి యాదివారమును వారి కొక చిన్న ఈస్టరనియే చెప్పవలెను.

ఇక పునరుత్థానమను మాటను విచారింతము. ఉత్థానమనగా లేచుట. కార్తికమాసమున శ్రీమహావిష్ణువు యోగనిద్రనుండి మేల్కొను తిథిని ఉత్థానైకాదశి యని పిలిచి, మఱునాడు తులసికోటకడ దీపములు పెట్టు మన కీ మాట క్రొత్తది కాదు. పునరుత్థానమనగా మరల లేచుట. దీనిని పునర్జన్మముతో కలిపి తికమకపడువారు కలరు. పునర్జన్మమనగా జీవుడు పాతబట్టను విడిచి క్రొత్తబట్టను కట్టినట్లు, ఈ దేహమును వదలి మఱియొక దేహమున పుట్టుట. పునరుత్థానమున అట్టి మార్పు లేదు. చనిపోయిన మనుష్యుడే, ఆ పేరుతోనే, ఆ గురుతులతోనే, దేహముతో కూడ లేచుట. లేచిన పిమ్మట మరల చావు లేకుండుట. ఈ రెండవ భాగమును మఱువరాదు. యమధర్మరాజు వెంటబడి సావిత్రి తన భర్త ప్రాణములను మరల్చుకొన్న కథ మన పిల్లలకు సయితము తెలియును. సత్యవంతుడు తిరిగివచ్చినది ఈ లోకపు జీవితమునకే. ఆయువు నిండిన నాడు అతడును పోవలసినవాడే. యేసు బ్రతికించెనని సువార్తలు చెప్పు లాజరు సంగతియు నంతియే. యేసు విషయమున క్రైస్తవులు నమ్మునది అది కాదు. ఆయన మృత్యువునుండి వెనుకకు రాలేదు, మృత్యువును దాటి ఆవలి గట్టున కెక్కెనని వారి విశ్వాసము.

ఆ కథను సువార్తలు చెప్పు తీరు స్త్రీలమైన మనము ప్రత్యేకముగ గమనింపదగినది. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లోనే తెనుగున అచ్చయినవి గనుక, రెండు వందల యేండ్లుగ తెలుగు చదువ నేర్చినవా రెవ్వరైన వీనిని చదువవచ్చును. పిలాతు అను రోమను అధికారి యేసును సిలువ వేయించెను. శిష్యులలో పురుషులు చాలవఱకు చెదరిపోయిరి. శుక్రవారము సాయంకాలము విశ్రాంతిదినము ముంచుకొనివచ్చుటచే శవమునకు చేయవలసిన సంస్కారము పూర్తిగ జరుగలేదు. ఆదివారము తెల్లవారుజామున సుగంధద్రవ్యములు చేతబట్టుకొని సమాధికి బయలుదేరినవారు మగ్దలేనే మరియయు, మఱికొందఱు స్త్రీలును. వారు అద్భుతమును చూడ పోలేదు. చనిపోయినవారికి ఇంటి యాడువారు చేయవలసిన చివరి పని మిగిలిపోయినదని పోయిరి. సమాధికడ్డముగ నున్న పెద్దరాతిని తమకెవరు దొరలింతురాయని దారిపొడుగున విచారించిరట. ఎట్లు జరుగునో తెలియకయే, చేయవలసిన పని చేతబట్టుకొని బయలుదేరు నీ గుణము మన యిండ్ల తల్లులలో మన మెఱుగనిదా?

పోయి చూడగా రాయి తొలగియుండెను. సమాధి వట్టిదై యుండెను. వారు పరుగెత్తి శిష్యులకు చెప్పగా, ఆ మాటలు శిష్యులకు పిచ్చికూతలవలె దోచెనని లూకా దాచక వ్రాసినాడు. ఆ కాలమున స్త్రీల సాక్ష్యమునకు విలువ లేదు. స్త్రీల సాక్ష్యము నంగీకరింపరాదని యూదుల ధర్మముగ జోసీఫసను చరిత్రకారుడు ఆ శతాబ్దముననే వ్రాసియుంచెను. రెండవ శతాబ్దమున సెల్ససను గ్రీకు పండితుడు ఈ మతమును ఖండించుచు, లేచినవానిని చూచితిననినది ఒక మతిచలించిన యాడుది గదా యని యెగతాళి చేసెను. కొరింథులోని సంఘమునకు వ్రాసిన జాబులో పౌలు సాక్షుల పట్టిక నిచ్చుచు పేతురును, పన్నిద్దఱను, ఒక్కసారి చూచిన యైదువందలకు పైగా జనమును, యాకోబును, తుదకు తన్నును పేర్కొనెను గాని, ఆ స్త్రీలను పేర్కొనలేదు. అయినను నాలుగు సువార్తలును ముందుగ సమాధికి పోయినది స్త్రీలే యని ముక్తకంఠముగ చెప్పుచున్నవి. కథను కల్పింపదలచినవారు నలుగురును నమ్మెడు సాక్షులను కల్పింతురు గాని, ఎవ్వరును నమ్మని సాక్షులను కల్పింపరని క్రైస్తవ పండితులు వాదింతురు. ఆ వాదము నంగీకరించినను మానినను ఒక్కటి నిక్కము: ఆ మతమున కాధారమైన వార్తను మొట్టమొదట మోసినవారు, మాట చెల్లని యాడువారు.

ఇచ్చట రాయలసీమ సోదరీమణుల కొక ప్రశ్న పుట్టవచ్చును. ఇది సమాధుల మహిమ తెలిసిన సీమ. తుంగభద్ర యొడ్డున మంత్రాలయమందు శ్రీ రాఘవేంద్రస్వామి 1671లో సజీవముగ బృందావనమున ప్రవేశించిరి. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి జీవసమాధి కలదు. ఆయన వీరభోగవసంతరాయలుగ మరల వచ్చునని నమ్మి యెదురుచూచువారు నేటికిని కలరు. స్వామి సమాధి గతుడగునప్పుడు పూలకని బనగానపల్లెకు పంపబడిన సిద్ధయ్య తిరిగివచ్చి, మూతపడిన సమాధిపై బడి విలపింపగా, గురువు వెలికి వచ్చి యోదార్చి తన గురుతుల నిచ్చెనను కథ ఆ సీమలో వినని యిల్లుండదు. తోటలో ఏడ్చుచు నిలిచిన మరియను, యేసు పేరుపెట్టి పిలిచి యోదార్చెనను కథను విన్నప్పుడు మనకు సిద్ధయ్య జ్ఞప్తికి రాక మానడు. కడప పెద్దదర్గాలో పీరుల సమాధులకడ హిందువులును మహమ్మదీయులును కలిసి మ్రొక్కుకొందురు. ఇన్ని సమాధులుండగా, ఆ దూరదేశపు సమాధి ప్రత్యేకత యేమి?

భేదములు రెండు కలవు. మన స్వాములు తమ యిచ్ఛచే, శిష్యులు సేవింపుచుండగా, గౌరవముతో సమాధి ప్రవేశము చేసిరి. అందు వారున్నారను నమ్మికతోనే భక్తులు అచ్చట సాగిలపడుదురు. యేసు సమాధిపై క్రైస్తవుల సంతోషమంతయు ఆయన అందు లేడనుటయందే. నాలుగవ శతాబ్దమున కాన్‌స్టంటైను చక్రవర్తి యెరూషలేమున ఆ స్థలమున గుడి కట్టించెను. పాశ్చాత్యులు దానిని పవిత్ర సమాధి గుడి యందురు. గ్రీకు క్రైస్తవులు మాత్రము పునరుత్థానపు గుడి యనియే పిలుతురు. రెండవ భేదము ఇంకను ముఖ్యమైనది. యేసు తనువు చాలించినది యోగసమాధిలో కాదు. నేరస్థుడని తీర్పు పొంది, బట్టలూడదీయబడి, ఊరివెలుపల, దొంగల నడుమ, బానిసలకు విధించెడు శిక్షచే మరణించెను. లోకము దృష్టిలో నది తుది తీర్పు. దేవుడు ఆయనను లేపెననుట, ఆ తీర్పును పైన్యాయస్థానము కొట్టివేసెననుట. పునరుత్థానమును తీసివేసినచో మిగులునది ఒక మంచివాని దుర్మరణము మాత్రమే. అట్టి మరణములు లోకమున కోకొల్లలు.

యేసు చెప్పిన నీతులు చాలవా, ఈ యద్భుతముతో పనియేమి యని యడుగువారు చాలకాలమునుండి కలరు. సతీసహగమనమును మాన్పుటకై పాటుపడి మన జాతికి మేలుచేసిన రాజా రామమోహనరాయలు 1820లో యేసు బోధలను మాత్రమేర్చి ఒక గ్రంథముగ ప్రకటించెను. అందు అద్భుతములు లేవు, పునరుత్థానమును లేదు. నీతియే సారమనియు, తక్కినది వివాదములకు త్రోవయనియు నాయన యభిప్రాయము. శ్రీరామపురపు మిషనరీలు, అందును ముఖ్యముగ మార్ష్‌మను, దానిని తీవ్రముగ ఖండించిరి. వివాదము కొన్ని యేండ్లు నడచినది. రాయలవారి గౌరవమునకు లోపము రానీయకయే మన మొక సంగతి గ్రహింపవచ్చును. శత్రువును ప్రేమింపుమను నీతి యెంత గొప్పదైనను, దానిని చెప్పినవాడు శత్రువులచేతిలో చచ్చి మట్టిలో కలసినచో, లోకము నడచునది ఆ నీతిపై కాదు, శత్రువు బలముపైననే యని తేలును. నీతి గెలిచినదో యోడినదో తెలియవలెనన్న కథ ముగింపు కావలెను.

ఈ సంగతిని అందఱికంటె నిక్కచ్చిగ చెప్పినవాడు పౌలు. అతడు మొదట ఆ మతస్థులను హింసించినవాడు. గుడారములు కుట్టి జీవించినవాడు. రమారమి క్రీ. శ. 55లో కొరింథు నగరపు సంఘమున కొందఱు, చచ్చినవారు లేవరని వాదించుచుండగా, అతడు వారికి జాబు వ్రాసెను. క్రీస్తు లేవకపోయినయెడల తమ బోధ వట్టిదనియు, వినినవారి విశ్వాసము వట్టిదనియు, దేవునిపై తాము దొంగసాక్ష్యము పలికినవార మగుదుమనియు, పాపము లట్లే యుండుననియు, చనిపోయినవారు నశించినట్లే యనియు, తమకంటె దౌర్భాగ్యులు లోకమున నుండరనియు నతడు వరుసగ వ్రాసినాడు. తన యిల్లు ఏ దూలముపై నిలిచినదో, ఏ దూలము తీసిన కూలునో తానే వ్రేలుపెట్టి చూపిన మతకర్తలు అరుదు. పౌలు వెనుకకు జరుగుటకు దారి యుంచుకొనలేదు.

వీనిలో పాపములు అట్లే యుండుననుట యేమో కొంత వివరింపవలెను. క్రైస్తవులు యేసు మరణమును తమ ఋణము తీర్చిన మరణముగ నెంతురు. మన పల్లెలలో అప్పు తీర్చినవాడు, తీర్చితినని ఊరంతయు చెప్పుకొన్నను, పత్రముపై చెల్లు వ్రాయించుకొని చేతికి తెచ్చుకొనునందాక నిద్రపోడు. సిలువ సొమ్ము చెల్లించుట వంటిది. పునరుత్థానము చెల్లు వ్రాయుట వంటిది. చెల్లించినవాడు ఋణదాత చెఱనుండి బయటికి రానిచో, సొమ్ము చాలినదో లేదో యెవరికి తెలియును? బయటికి వచ్చెను గనుక చెల్లినదని వారి నిశ్చయము.

ఇక మన సీమలో ఈ బోధ యెవరికి, ఎట్టి స్థితిలో చేరినదో చూతము. 1822లో లండను మిషనువారు కడపలో పని ప్రారంభించిరి. ఆ శతాబ్దపు నడిమిభాగమున ఇంగ్లండు సంఘపు మిషనరీలు ముత్యాలపాడు మొదలగు పల్లెలయందు నిలిచిరి; తరువాత నంద్యాల వారికి కేంద్రమైనది. కర్నూలు నగరమున అమెరికా బాప్టిస్టులు పనిచేసిరి. పెద్దకులములవారు కొలదిగ చేరిరి. విశేషముగ చేరినవారు ఊరివెలుపల నుంచబడిన మాల మాదిగ కుటుంబములవారు. వారి నీడ తగులరాదు, వారు నడచిన బావి పనికిరాదు, వారి చేతి నీరు ముట్టరాదు. అనగా వారి దేహమే దోషమని లోకము వారికి తరతరములుగ చెప్పియుండెను. అట్టివారికి, ఊరివెలుపల చంపబడిన యొకని దేహమును దేవుడు మట్టిపాలు కానీయలేదను వార్త వచ్చినది. లేచినవాడు నీడగనో పొగగనో లేవలేదనియు, శిష్యులయెదుట కాల్చిన చేప తినెననియు, చేతుల గాయములను చూపెననియు సువార్తలు చెప్పుచున్నవి. ఆత్మ గొప్పది, దేహము నీచమైనదని చెప్పు బోధ వారిని సగమే యూరడించును. దేహము సయితము దేవునికి కావలసినదే యను బోధ వారిని తల యెత్తించెను. మేము చదివినంతలోను, విన్నంతలోను, ఈ సీమలో పునరుత్థానపు మాటకు గల బలము ఇచ్చటనే యున్నది.

ఈ బోధ మాటలతోనే ఆగలేదు. 19వ శతాబ్దపు చివరి దశాబ్దమున జమ్మలమడుగున లండను మిషను వైద్యుడు కాంబెలు ఆధ్వర్యమున వెలసిన యాసుపత్రి ఆయన పేరనే నేటికిని పిలువబడుచున్నది. దేహమునకు తుదకు మట్టియే గతి యని నమ్మువారు సయితము దయచే వైద్యము చేయవచ్చును, చేసిరి. కాని పుండ్లు కడుగుటయు, పురుడు పోయుటయు దేవుని పూజలో భాగమే యని తలచుటకు, దేహమును దేవుడు విడిచిపెట్టడను నమ్మిక ఊత యిచ్చినది.

రాయలసీమవారికి చావు పుస్తకములలోని మాట కాదు. 1876 మొదలు 1878 వఱకు నడచిన ధాత కఱవునందు కర్నూలు జిల్లా పొందిన నష్టము చెప్పనలవి కానిది. 1871లో తొమ్మిది లక్షలకు పైబడియున్న జనసంఖ్య 1881 నాటికి ఏడు లక్షలకు లోబడినది. ఎందఱో దారులవెంట రాలిపోయిరి. వారి కెవరు సమాధి కట్టిరి? ఎవరు పిండము పెట్టిరి? ఆ యెముకలు ఏ చేలలో కలసినవో తెలియదు. ఆ దినములలోను, తరువాతను సంఘములలో చేరినవారు చాలమంది. గంజికొఱకు చేరిరని నిందించినవారు నాడును గలరు, నేడును గలరు. ఆకలిగొన్నవాడు అన్నము పెట్టినవారి దేవుని గూర్చి విచారించుట నేరమా? అయినను గంజి యొక్కటియే కారణమైనచో, వానలు కురిసి కఱవు తీరిన పిదప వారు వెనుకకు పోయియుండవలెను. నిలిచినవారి మనుమలు, మునిమనుమలు నేడు ఆ వేకువలను సమాధుల తోటలలో దీపములు పెట్టుచున్నారు.

మట్టిలో కలసిపోయిన దేహము ఎట్లు లేచునను ప్రశ్న కొరింథువారును అడిగిరి. పౌలు దానికి శాస్త్రవాదము చేయక, విత్తును చూడుమనెను. ఆ యుపమానమును మన మెట్టచేల స్త్రీలు పండితులకంటె బాగుగ గ్రహింపగలరు. కోవెలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగళ్లలో గొఱ్ఱు వెంట నడచి జడ్డిగమున గింజలు విడుచునది తఱచుగ స్త్రీయే. కఱవు సంవత్సరమున ఇంటిలో బిడ్డలు ఆకలిగొన్నను, విత్తులకుంచిన జొన్నలను దాచునదియు స్త్రీయే. ఆ గింజ తినిన నొకపూట గడచును. మట్టిలో వేసిన మాయమగును, క్రుళ్లును, రూపుచెడును. మొలచిన పైరు ఆ గింజవలె నుండదు. అట్లని వేఱొక గింజయు కాదు. జొన్న వేసిన జొన్నయే మొలచును. లేచు దేహము ఈ దేహము వంటిదే కాదనియు, అయినను వేఱొకరిది కాదనియు పౌలు చెప్పిన యర్థ మిదియే. క్రీస్తు లేచుటను అతడు తొలిపంటతో పోల్చెను. చేనిలో మొట్టమొదట పండిన వెన్నును చూచి, తక్కిన చేనును పండునని రైతు నమ్మినట్లు, ఒక్కడు లేచెను గనుక తక్కినవారును లేతురని వారు నమ్ముదురు. యూదులలో చాలమంది లోకాంతమున మృతులు లేతురని ముందే నమ్మిరి. మహమ్మదీయ సోదరులును, యేసు సిలువపై మరణించెనని యొప్పుకొనకున్నను, ఖయామతు నాడు మృతులు లేతురని నమ్ముదురు. క్రైస్తవుల మాటలో క్రొత్తదనమేమన, ఆ కడపటి దినపు పంటలో తొలి వెన్ను కాలము మధ్యనే కోతకు వచ్చెననుట.

ఏ పాత సమాధుల తోటలో చూచినను చిన్న సమాధులు తఱచుగ కండ్లబడును. బిడ్డను మట్టిలో పెట్టిన తల్లికి నీతిబోధలతో పనిలేదు. ఆమె యడుగునది ఒక్కటియే: నా బిడ్డ యున్నాడా, లేడా? జీవుడు మఱియొక యింట పుట్టియుండునని మన పెద్దలు మన కూరట చెప్పుదురు. ఆ యింటి తల్లి యెవరో మనకు తెలియదు. అయినను ఆ యూరటతోనే మనలో కోట్లకొలది తల్లులు బ్రతికిరి. క్రైస్తవ స్త్రీకి చెప్పబడునది వేఱు: నీ బిడ్డయే, ఆ పేరుతోనే, మరల కనబడును. ఆ మాట నిజమైన నంతకు మించిన యూరట లేదు. అబద్ధమైన నంతకు మించిన మోసము లేదు. దౌర్భాగ్యులమని పౌలు వ్రాసిన దందుకే. సగము నమ్ముటకు వీలులేని మాట యది.

అయితే ఆ విశ్వాసము కన్నీటిని నిషేధింపదు. లాజరును లేపబోవుచు సయితము యేసు ఏడ్చెనని వ్రాయబడియున్నది. మరియ యేడ్చినందుకు ఆమెను గద్దింపలేదు. థెస్సలొనీకవారికి పౌలు వ్రాసినది, నిరీక్షణ లేనివారివలె దుఃఖింపవలదనియే గాని, అసలు దుఃఖింపవలదని కాదు. మార్కు సువార్త మిక్కిలి ప్రాచీనమైన వ్రాతప్రతులలో, ఆ స్త్రీలు భయపడి ఎవరితోను ఏమియు చెప్పక పారిపోయిరను మాటతోనే ముగియుచున్నది. భయమును, దుఃఖమును, సంతోషమును ఒకే వేకువలో కలసియుండుట వారి గ్రంథమే యొప్పుకొన్న సంగతి.

ఇది జరిగినదా, లేదా యని నిర్ణయించుట మా పని కాదు. యేసు పిలాతు కాలమున సిలువ వేయబడెననియు, కొలదికాలముననే ఆయన లేచెనని శిష్యులు గాఢముగ నమ్మిరనియు చరిత్రకారులు సాధారణముగ నంగీకరింతురు. ఆ రెంటి నడుమ నున్నది విశ్వాసమునకు చెందినది. దానిని నమ్ముట, మానుట యెవరి హృదయమునకు వారిదే. కాని పొరుగువారి విశ్వాసమున ఏది కొమ్మయో, ఏది మొదలో తెలియక మాటలాడుట మనకు తగదు. క్రిస్మసు నక్షత్రమును తీసివేసినను ఆ చెట్టు నిలుచును. వట్టి సమాధిని తీసివేసిన నిలువదు.

కావున రాబోవు ఈస్టరు ఉదయమున, పొరుగింటి యమ్మ ఎఱ్ఱబడిన కండ్లతోను క్రొత్తచీరతోను తిరిగివచ్చుట చూచినచో, పండుగపూట ఆ చోటికేల పోయితివమ్మా యని యడుగకుడు. క్రీస్తు లేచెనని యొకరు పలుక, నిజముగ లేచెనని మఱియొకరు బదులు పలుకుట వారి పలకరింపు. ఆ మాటలు మీవి కానిచో వానిని పలుకనక్కఱలేదు. ఆమె యెవరి సమాధికడ దీపము పెట్టివచ్చెనో అడుగుడు. ఆ పేరు చెప్పనిండు. చెప్పినంతసేపు కూర్చుండి వినుడు. చనిపోయినవారి పేరును ఎవరైన అడుగవలెనను కోరిక ఏ మతపు తల్లికైనను ఉండునదే.